దారి లేదనే ఆలోచనను నమ్మాలా?

"బతికుంటే బలుసాకు తినొచ్చు" అని మన పెద్దవాళ్ళు అంటారు. బలుసాకు కంచెల్లో, గట్ల మీద దానంతట అదే పెరిగే ఆకు. డబ్బు పెట్టి కొనక్కరలేదు. చేతిలో చిల్లిగవ్వ లేని రోజున కూడా దాన్ని వండుకొని ఒక పూట గడపొచ్చు, ప్రాణం ఉంటే మిగతావి తర్వాత చూసుకోవచ్చు అని ఆ సామెతకు అర్థం. రాయపురంలో పుట్టి పెరిగిన నేను బలుసాకును ఇంతవరకు చూడలేదు. సామెతను మాత్రం మా అవ్వ నోట ఎన్నోసార్లు విన్నాను.

సామెత మంచిదే. అయితే నాకు ఒక సందేహం ఉంది. ఈ సామెత తెలిసిన ఇళ్ళల్లో కూడా కొందరు తమ ప్రాణాన్ని తామే తీసుకుంటున్నారు. వాళ్ళకు సామెత తెలియక కాదు. ఆ సమయంలో వాళ్ళ మనసుకు ఆ ఆకు కనిపించలేదు. ఎందుకు కనిపించలేదు? కనిపించకపోవడం వాళ్ళ తప్పా? "నాకు ఇంక దారి లేదు" అని మనసు చెప్తే, అది మన సొంత మనసే కదా అని దాన్ని నమ్మేయాలా? ఈ ప్రశ్నలకు జవాబు వెతకడానికే ఈ వ్యాసం రాస్తున్నాను.

ఇది పిల్లలు మాట్లాడే విషయం కాదని కొందరు అనుకోవచ్చు. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క ప్రకారం 2022లో మన దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారు. వాళ్ళల్లో 13,044 మంది విద్యార్థులు. భాగహారం చేసి చూస్తే రోజుకు సుమారు 36 మంది. మా తరగతిలో ఉన్నది 31 మందిమి. అంటే మా తరగతి కంటే పెద్ద తరగతి ఒకటి ప్రతిరోజూ ఖాళీ అవుతున్నది. ఆ సంవత్సరం రాష్ట్రాల లెక్కలో మహారాష్ట్ర తర్వాత రెండో స్థానం మన తమిళనాడుది. ఇంక మనం మాట్లాడకుండా ఎట్లా ఉండేది?

పిరికితనమా? పాపమా?

ఎక్కడైనా ఇట్లాంటి మరణం జరిగితే వీధిలో రెండు రకాల మాటలు వినిపిస్తాయి. "పిరికివాడు, కష్టాన్ని ఎదుర్కోలేక పోయాడు" అని ఒకరు అంటారు. "ఎంత ధైర్యం ఉంటే అట్లా చేసి ఉంటాడు" అని పక్కనున్న ఇంకొకరు అంటారు. ఒకే మనిషి ఒకే పనికి పిరికివాడూ, ధైర్యవంతుడూ ఎట్లా అవుతాడు? అవడు. ఆ మనిషి మనసులో ఏం జరిగిందో చెప్పేవాళ్ళకు తెలియదని మాత్రమే ఈ రెండు మాటల వల్ల తెలుస్తుంది.

మన భాషలోని మాట కూడా కఠినమైనదే. ఆత్మహత్య అనే మాటలో హత్య ఉంది. తమిళంలో తర్కొలై అంటారు, అందులోనూ కొలై ఉంది. హత్య అనగానే నేరం, శిక్ష గుర్తుకొస్తాయి. చాలాకాలం చట్టం కూడా అట్లాగే చూసింది. 1860 నాటి భారత శిక్షాస్మృతిలో 309వ సెక్షన్ ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించి బతికినవాళ్ళకు ఏడాది దాకా జైలు శిక్ష వేయవచ్చు. బాధ భరించలేక చావు దాకా పోయి వచ్చిన మనిషిని పోలీస్ స్టేషన్‌కు తీసుకుపోవడం!

2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం దీన్ని మార్చింది. ఆ చట్టం 2018 మే 29 నుంచి అమలులోకి వచ్చింది. అందులోని 115వ సెక్షన్ ప్రకారం, అట్లా ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి. విచారించి శిక్షించకూడదు. చికిత్స, సంరక్షణ ఇవ్వడం ప్రభుత్వం బాధ్యత. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత 309 సెక్షన్‌ను అట్లాగే తీసుకురాలేదు. 1860 నుంచి 2017 వరకు 157 సంవత్సరాలు పట్టింది చట్టానికి ఈ మాట అర్థం కావడానికి. మన వీధికి, మన ఇంటికి అర్థం కావడానికి ఇంకా ఎన్నాళ్ళు పడుతుందో!

గంతలు కట్టిన కళ్ళు

పూర్వం మద్రాసులో జట్కాబండ్లు ఉండేవని మా తాత చెప్తాడు. గుర్రం బెదిరిపోకుండా దాని కళ్ళకు రెండు పక్కలా గంతలు కట్టేవాళ్ళు. గుర్రానికి ముందున్న రోడ్డు మాత్రమే కనిపిస్తుంది. పక్కన సందు ఉన్నా, చెట్టు నీడ ఉన్నా, నీళ్ళ తొట్టి ఉన్నా దానికి తెలియదు. అవి లేక కాదు, గంతల వల్ల. ఆత్మహత్య ఆలోచన గురించి మనస్తత్వ శాస్త్రజ్ఞులు కనుక్కొన్న విషయాలు చదువుతుంటే నాకు ఆ గుర్రమే గుర్తుకొచ్చింది.

అమెరికాలో ఎడ్విన్ ష్నైడ్‌మన్ అనే శాస్త్రజ్ఞుడు 1958లో తన స్నేహితులతో కలిసి లాస్ ఏంజెలిస్ నగరంలో ఆత్మహత్యల నివారణ కేంద్రం మొదలుపెట్టారు. జీవితమంతా ఈ ఒక్క విషయమే చదివారు. ఆయన చెప్పినదాని ప్రకారం, ఆ స్థితిలో ఉన్న మనిషికి కావలసింది చావు కాదు, భరించలేని మనసు నొప్పి ఆగిపోవడం. కానీ నొప్పి ఎక్కువయ్యేకొద్దీ చూపు ఇరుకవుతుంది. పది దారులు ఉన్నచోట రెండే కనిపిస్తాయి. ఒకటి, అంతా పూర్తిగా బాగుపడిపోవడం. రెండు, చావు. మొదటిది జరగదని తెలుసు కాబట్టి రెండోది ఒక్కటే మిగిలినట్టు అనిపిస్తుంది. 1960ల్లో చార్లెస్ న్యూరింగర్ అనే ఇంకొక శాస్త్రజ్ఞుడు కూడా, ఆత్మహత్యకు ప్రయత్నించినవాళ్ళ ఆలోచన బిగుసుకుపోయి ఉంటుందని, ఒక సమస్యకు కొత్త జవాబు వెతకడం వాళ్ళకు కష్టమవుతుందని పరీక్షలు పెట్టి చూపించారు.

ఆరన్ బెక్ అనే డాక్టర్ ఇంకో అడుగు ముందుకు వేశారు. 1974లో ఆయన, ఆయనతో పనిచేసేవాళ్ళు 20 వాక్యాలతో ఒక కొలత తయారుచేశారు. ప్రతి వాక్యానికీ అవును, కాదు అని చెప్పాలి. రేపటి మీద మనిషికి ఎంత ఆశ ఉందో, ఎంత నిరాశ ఉందో దానితో కొలుస్తారు. 1985లో వాళ్ళు ఒక పరిశోధన ప్రకటించారు. ఆత్మహత్య ఆలోచనలతో ఆసుపత్రిలో చేరిన 207 మందిని 5 నుంచి 10 ఏళ్ళ పాటు గమనించారు. వాళ్ళల్లో 14 మంది తర్వాత ఆత్మహత్యతో చనిపోయారు. ఎవరికి ఎంత దిగులు ఉంది అనేదాని కంటే, ఎవరికి రేపటి మీద ఎంత నిరాశ ఉంది అనేదే ఆ మరణాలతో ఎక్కువగా ముడిపడి ఉందని తేలింది. దిగులు వేరు, నిరాశ వేరు. దిగులు అంటే ఈరోజు బాగాలేదు అనడం. నిరాశ అంటే రేపు కూడా ఇట్లాగే ఉంటుంది అని తీర్మానం చేసేయడం.

నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించింది జ్ఞాపకాల గురించిన పరిశోధన. 1986లో ఇంగ్లండులో మార్క్ విలియమ్స్, బ్రాడ్‌బెంట్ అనేవాళ్ళు, ఆత్మహత్యాయత్నం చేసి బతికినవాళ్ళకు ఒక్కొక్క మాట ఇచ్చి, ఆ మాట వినగానే ఏ సంఘటన గుర్తుకొస్తుందో చెప్పమన్నారు. ఉదాహరణకు "సంతోషం" అనే మాట ఇస్తే నేనైతే, "పోయిన పొంగల్ సెలవుల్లో మా చెల్లెలితో మెరీనాకు పోయి, అలకు చెప్పు కొట్టుకుపోతే ఇద్దరం పరుగెత్తి పట్టుకున్నాం" అని చెప్తాను. అది ఒక రోజు, ఒక సంఘటన. వాళ్ళల్లో చాలామందికి అట్లా ఒక్క రోజు గుర్తుకు రాలేదు. "చిన్నప్పుడు బాగుండేది" అన్నట్టు మొత్తంగా చెప్పేవాళ్ళు. ఇందులో ఏముంది అనిపించవచ్చు. ఆలోచిస్తే చాలా ఉంది. ఇంతకుముందు ఒకసారి కష్టం వచ్చినప్పుడు ఎవరి దగ్గరికి పోయాం, ఏం చేశాం, ఎట్లా బయటపడ్డాం అని వివరంగా గుర్తుంటేనే ఈసారి ఏం చేయాలో తోస్తుంది. ఆ వివరాలు చెరిగిపోతే పాత అనుభవం చేతికి అందదు. ఇంట్లో తాళంచెవి ఉంది, కానీ ఎక్కడ పెట్టామో తెలియదు.

ఒక్క దీర్ఘం

2018లో ఇంగ్లండులోని రీడింగ్ విశ్వవిద్యాలయంలో మొహమ్మద్ అల్‌మొసైవి, టామ్ జాన్‌స్టోన్ అనే ఇద్దరు ఒక కొత్త పని చేశారు. ఇంటర్నెట్‌లో 6,400 మందికి పైగా రాసుకున్న రాతలను కంప్యూటర్‌తో చదివించి మాటలు లెక్కపెట్టారు. "ఎప్పుడూ", "ఎన్నటికీ", "పూర్తిగా", "ఏమీ" లాంటి తేల్చిపారేసే మాటలు ఎవరు ఎక్కువగా వాడుతున్నారో చూశారు. మామూలు విషయాలు మాట్లాడుకునేవాళ్ళ కంటే, దిగులు, ఆందోళన ఉన్నవాళ్ళ రాతల్లో ఇట్లాంటి మాటలు సుమారు 50 శాతం ఎక్కువ. ఆత్మహత్య ఆలోచనలు ఉన్నవాళ్ళ రాతల్లో సుమారు 80 శాతం ఎక్కువ.

అది ఇంగ్లీషు మాటల లెక్క. తెలుగులో ఇట్లా ఎవరైనా లెక్కపెడితే ఏం లెక్కపెట్టాలి అని నేను ఆలోచించాను. మా తెలుగు సారు వ్యాకరణం చెప్పేటప్పుడు ప్రశ్న అడిగే మాటలు బోర్డు మీద రాశారు. ఎవరు, ఏమి, ఎక్కడ, ఎప్పుడు. ఈ నాలుగు మాటల చివర ఒక్క దీర్ఘం పెట్టి చూడండి. ఎవరూ, ఏమీ, ఎక్కడా, ఎప్పుడూ. ప్రశ్న పోయింది, తీర్పు వచ్చింది. "నాకు ఎవరూ లేరు." "నాకు ఏమీ రాదు." "నాకు ఎక్కడా చోటు లేదు." "నేను ఎప్పుడూ ఇంతే." మన భాషలో ప్రశ్నకు, తీర్పుకు మధ్య ఉన్న దూరం ఒక్క దీర్ఘమే!

ఆ దీర్ఘాన్ని తీసేస్తే మళ్ళీ ప్రశ్న తిరిగి వస్తుంది. "నాకు ఎవరు ఉన్నారు?" "నాకు ఏమి వచ్చు?" "నాకు ఎక్కడ చోటుంది?" "ఇంతకుముందు ఎప్పుడు బాగున్నాను?" తీర్పుకు జవాబు చెప్పడానికి ఉండదు. ప్రశ్నకు జవాబు ఉంటుంది, అది చిన్నదే అయినా సరే. "ఎవరు ఉన్నారు?" అంటే కనీసం అవ్వ ఉంది అని ఒక్క పేరైనా వస్తుంది. ఇది నా సొంత ఊహ, పరిశోధన కాదు. కానీ వ్యాకరణం బతకడానికి కూడా పనికొస్తుందని అనిపించి నాకు సంతోషమేసింది.

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పాలి. స్నేహితుడు "నాకు ఏమీ రాదురా" అన్నాడని వెంటనే అనుమానంగా చూడకూడదు. లెక్కల పరీక్ష ముందు రోజు మా తరగతిలో అందరం అదే మాట అంటాం. 2017లో జోసెఫ్ ఫ్రాంక్లిన్, ఆయన బృందం 50 ఏళ్ళలో వచ్చిన 365 పరిశోధనలను ఒకచోట చేర్చి చూశారు. ఎవరు ఆత్మహత్య చేసుకుంటారో ముందుగా చెప్పడం, నాణెం ఎగరేసి చెప్పడం కంటే కొంచెమే మెరుగని తేల్చారు. కాబట్టి ఈ శాస్త్రం మనుషుల మీద ముద్ర వేయడానికి కాదు. "వీడు ఆ రకం" అని పేరు పెడితే మనం కూడా ఇంకొక దీర్ఘం పెట్టినవాళ్ళమవుతాం. మాట వింటే దగ్గరికి పోయి పలకరించాలి, అంతవరకే.

ఆలోచన మారుతుందా?

ఇప్పుడు అసలు ప్రశ్నకు వస్తాను. దారి లేదు అనే ఆలోచన నిజమే అయితే అది ఎప్పటికీ నిజంగానే ఉండాలి. రెండు రెళ్ళు నాలుగు అన్నది ఈరోజు నిజం, పదేళ్ళ తర్వాతా నిజం. ఈ ఆలోచన అట్లా ఉంటుందా?

అమెరికాలో రిచర్డ్ సైడెన్ అనే పరిశోధకుడు 1978లో దీనికి జవాబు ఇచ్చారు. ప్రాణం తీసుకోబోతుండగా చివరి క్షణంలో ఇతరులు ఆపిన 515 మంది ఎన్నో ఏళ్ళ తర్వాత ఏమయ్యారో ఆయన వెతికారు. వాళ్ళల్లో సుమారు 94 శాతం మంది బతికే ఉన్నారు, లేదా అందరిలాగా సహజంగా చనిపోయారు. ఆ క్షణంలో వాళ్ళు దారి లేదని పూర్తిగా నమ్మారు. ఆ నమ్మకం మారింది. అంటే అది లోకం గురించిన నిజం కాదు, ఆ గంటలో మనసు ఉన్న స్థితి. జ్వరం వచ్చినప్పుడు పాయసం కూడా చేదుగా ఉంటుంది. చేదు మన నాలుకకు నిజమే. కానీ పాయసం చేదు కాదు.

అందుకే నా జవాబు ఇది. మనసు చెప్పే ప్రతి మాటనూ నమ్మక్కరలేదు. ముఖ్యంగా నొప్పిలో ఉన్నప్పుడు అది చెప్పే చివరి తీర్పును వాయిదా వేయాలి. కోర్టులో జడ్జి కూడా ఒక్కరోజులో తీర్పు చెప్పడు కదా.

గోడ నిజంగా ఉంటే?

ఇంతవరకు చదివినవాళ్ళు ఒక ప్రశ్న అడగొచ్చు. "అంతా ఆలోచనలోనే ఉందా? అప్పు నిజం కాదా? అవమానం నిజం కాదా? మార్కులు నిజం కాదా?" ఈ ప్రశ్న న్యాయమైనది. బాధలో ఉన్నవాళ్ళతో "నీ ఆలోచన మార్చుకో, అన్నీ సరిపోతాయి" అనడం సులభం. గుర్రానికి గంతలు కట్టింది గుర్రం కాదు. కట్టినవాళ్ళను వదిలేసి గుర్రాన్ని తిట్టడం న్యాయం కాదు.

2019 ఏప్రిల్‌లో తెలంగాణలో ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చినప్పుడు ఏం జరిగిందో చాలామందికి గుర్తుంటుంది. మార్కుల లెక్కలో తప్పులు దొర్లాయని గొడవ జరిగింది. ఆ రోజుల్లో 20 మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. తెలుగు పేపర్లో 0 వచ్చిన ఒక అమ్మాయి తన పేపరు మళ్ళీ చూడమని అడిగింది. మళ్ళీ చూస్తే 99. తెలుగులో సున్నా అని ప్రభుత్వ కాగితం మీదే అచ్చయి వచ్చింది! తర్వాత ఫెయిలైన అందరి పేపర్లూ ఉచితంగా తిరిగి పరిశీలించారు. వెయ్యి మందికి పైగా పాసయ్యారు. ఇక్కడ తప్పు పిల్లల ఆలోచనలో ఉందా, లెక్కలో ఉందా? ముందు లెక్కలో ఉంది. ఆ తర్వాత, ఒక కాగితం మీది అంకెను మనిషి విలువ అని నేర్పిన మనందరిలో ఉంది. ఆ అమ్మాయి అడిగింది కాబట్టి 99 బయటికి వచ్చింది. ఒకవేళ ఆమెకు 0 నిజంగానే వచ్చి ఉన్నా, ఆమె విలువ 0 కాదు. ఈ రెండో మాట మొదటిదాని కంటే ముఖ్యమని నేను అనుకుంటాను.

దీనికి ఎదురుగా మన చెన్నైలో జరిగిన ఒక మంచి పని చెప్తాను. డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ 1986లో ఇక్కడ స్నేహ అనే సంస్థను మొదలుపెట్టారు. ఆత్మహత్య ఆలోచనలతో బాధపడేవాళ్ళ మాట వినడం ఆ సంస్థ పని. పరీక్షల ఫలితాలు వచ్చే రోజుల్లో పిల్లల నుంచి వచ్చే ఫోన్లు విని, వాళ్ళు ఒక విషయం గమనించారు. ఒక్క సబ్జెక్టులో ఫెయిలైనా ఒక సంవత్సరం మొత్తం పోతుంది. తోటివాళ్ళు పైతరగతికి పోతే తాను ఇంట్లో కూర్చోవాలి. అది పిల్లల ఊహ కాదు, నిజమైన గోడ. స్నేహ ఓదార్పు మాటలతో ఆగలేదు. ఫెయిలైనవాళ్ళకు వెంటనే ఇంకో పరీక్ష పెట్టండి అని ప్రభుత్వాన్ని కోరింది. తమిళనాడులో సప్లిమెంటరీ పరీక్షలు అట్లా వచ్చాయి. ఇప్పుడు ఫలితాలు వచ్చిన కొద్ది వారాల్లోనే మళ్ళీ రాసి, అదే సంవత్సరం పైచదువులో చేరవచ్చు. పాస్, ఫెయిల్ అనే రెండు గదుల మధ్య మూడో తలుపు తెరిచారు. మనం మామూలుగా "సప్లీ" అని నవ్వుకుంటూ అనే మాట వెనక ఇంత కథ ఉంది. ఆ మాట అని ఎవరినైనా ఎగతాళి చేసే ముందు ఇది గుర్తుంచుకోవాలి.

మన బడి పిల్లలకు ఇది ఇంకా దగ్గరి విషయం. మనం ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, పైచదువులకు ఇంగ్లీషు. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం తర్వాత మైనారిటీ బళ్ళలో కూడా తమిళం తప్పనిసరి అయింది. పదో తరగతి పరీక్షకు మన పెద్దవాళ్ళు కోర్టుల దాకా పోయి కొన్ని సంవత్సరాలు మినహాయింపు తెచ్చారు. తమిళం నేర్చుకోవడం మంచిదే, మనం బతికే ఊరి భాష అది. కానీ ఆ పేపరంటే వణికిపోయే పిల్లలు మనలో ఉన్నారు. "తెలుగు మీడియం చదివితే ఎక్కడా పనికిరావు" అనే మాట బంధువుల నోట వింటూనే ఉంటాం. చూడండి, అందులో కూడా ఒక దీర్ఘం ఉంది. "ఎక్కడా." పిల్లల మనసులో మొలిచే తీర్పులు చాలావరకు ముందు పెద్దల నోట్లో పుట్టినవే.

మనం ఏం చేయాలి?

మొదటిది, అడగాలి. "చనిపోవాలని అనిపిస్తోందా?" అని అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు అవుతుందని చాలామంది భయపడతారు. 2005లో మెడెలిన్ గూల్డ్ అనే శాస్త్రజ్ఞురాలు, ఆమె బృందం న్యూయార్క్ రాష్ట్రంలో 6 ఉన్నత పాఠశాలల్లోని 2,342 మంది విద్యార్థులతో దీన్ని పరీక్షించారు. సగం మందిని ఆ ప్రశ్న అడిగారు, సగం మందిని అడగలేదు. అడిగినవాళ్ళకు దిగులు పెరగలేదు, ఆలోచనలూ పెరగలేదు. అంతకుముందే బాధలో ఉన్న పిల్లలకు అడగడం వల్ల మేలే జరిగినట్టు కనిపించింది. కాబట్టి మంచిగా, ఒంటరిగా ఉన్నప్పుడు, నిదానంగా అడగవచ్చు.

రెండోది, వాదించకూడదు, జాబితా రాయాలి. ష్నైడ్‌మన్ దగ్గరికి ఒకసారి ఒక కాలేజీ అమ్మాయి వచ్చింది. చావు తప్ప దారి లేదని చెప్పింది. ఆయన ఉపన్యాసం ఇవ్వలేదు. ఒక కాగితం తీసుకొని, ఆమె సమస్యకు ఉన్న దారులన్నీ రాశారు. నచ్చినవి, నచ్చనివి, ఆమె చెప్పిన చావుతో సహా అన్నీ. ఆమె ప్రతిదాన్నీ వద్దంది. అప్పుడు ఆయన, వీటిలో ఏది కొంచెం తక్కువ చెడ్డదో వరుసగా అంకెలు వేయమన్నారు. వేసేసరికి చావు మొదటి స్థానంలో లేదు. ఆమె కష్టం తీరలేదు. కానీ రెండే ఉన్నచోట ఇప్పుడు ఎన్నో దారులు ఉన్నాయి. ఒక పెన్ను, ఒక కాగితం, పక్కన కూర్చునే ఒక మనిషి, అంతే.

మూడోది, రహస్యం దాచకూడదు. స్నేహితురాలు "ఎవరికీ చెప్పొద్దు, ఒట్టు" అని ఇట్లాంటి మాట చెప్తే, ఆ ఒట్టు కంటే ఆమె ప్రాణం గొప్పది. ఆమెను ఒంటరిగా వదలకుండా, నమ్మకమైన ఒక పెద్దవాళ్ళకు, టీచర్‌కు వెంటనే చెప్పాలి. మనం పిల్లలం. పక్కన కూర్చోవడం మన పని, వైద్యం డాక్టర్ల పని. దిగులు జబ్బుగా మారితే దానికి మందు, చికిత్స ఉన్నాయి. కాలు విరిగితే ఆసుపత్రికి పోతాం, మనసు విరిగితే కూడా పోవాలి. అందులో సిగ్గుపడేది లేదు.

నాలుగోది పెద్దవాళ్ళకు. విశాఖపట్నంలో చదువుకుంటూ 2023లో చనిపోయిన 17 ఏళ్ళ విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న తీర్పు ఇస్తూ, విద్యాసంస్థలన్నిటికీ 15 మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, అంతకంటే ఎక్కువ మంది పిల్లలున్న చోట కౌన్సెలర్ ఉండాలి. మార్కులను బట్టి పిల్లలను వేరువేరు బ్యాచ్‌లుగా విడదీయకూడదు. అందరి ముందు అవమానించకూడదు. మా బడి లాంటి చిన్న బళ్ళకు కూడా ఇవి వచ్చేలా పెద్దలు చూడాలని వినయంగా కోరుతున్నాను. ఇంట్లో అమ్మానాన్నలను కూడా ఒకటి కోరుతున్నాను. ఫలితాలు వచ్చిన రోజు "ఎంత మార్కు?" అని అడిగే ముందు "అన్నం తిన్నావా?" అని అడగండి.

మిత్రులారా, దారి కనిపించకపోవడం నేరం కాదు, పాపం కాదు, పిరికితనమూ కాదు. చుట్టూ చీకటైనప్పుడు కళ్ళున్నవాళ్ళకు కూడా దారి కనిపించదు. అప్పుడు కనిపించనివాళ్ళను తప్పుపట్టేది ఎవరు? దీపం చేతిలో ఉన్నవాళ్ళు పట్టుకొని రావాలి. ఈరోజు దీపం మీ చేతిలో ఉండొచ్చు, రేపు మీకే అవసరం కావచ్చు. అందుకే ఈ రెండు నంబర్లు మీ నోటుపుస్తకం చివరి పేజీలో రాసి పెట్టుకోండి. టెలి మానస్ 14416, ఇది ప్రభుత్వానిది, ఉచితం, తెలుగులోనూ తమిళంలోనూ మాట్లాడవచ్చు. మన చెన్నైలోని స్నేహ 044-24640050. మీకు అవసరం లేకపోతే మంచిది, మీ పక్క బెంచీవాళ్ళకు కావలసి రావచ్చు.